దేవరకొండ దగ్గర దొరికిన తాటాకు కట్టలు: ఇంట్లో ఉంచాలా, లైబ్రరీకి ఇవ్వాలా, పుస్తకం వేయాలా

అమ్మా, నువ్వు రాసింది క్లుప్తంగా ఇదీ. దేవరకొండ దగ్గరి ఊళ్లో మీ తాతగారి పాత ఇల్లు కూలగొడుతుంటే అటక మీద మూడు తాటాకు కట్టలు దొరికాయి. ఒకటి ద్విపదలా, అంటే రెండేసి పాదాలుగా సాగే కావ్యంలా ఉంది, దాని చివరి ఆకు మీద "ప్రమాది" అన్న సంవత్సరం పేరు చదవగలిగావు. ఇంకొకటి లెక్కల్లా ఉంది. మూడోది అంటుకుపోయి విప్పరావడం లేదు. ఒకాయన వచ్చి కొంటానంటున్నాడు, మీ బాబాయి అమ్మేద్దామంటున్నాడు. వీటిని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వాలా, ఇంట్లోనే ఉంచుకోవాలా, ఎంఏ తెలుగు చదువుతున్న నువ్వు ఆ ద్విపద పాఠాన్ని సరిచూసి, పరిష్కరించి పుస్తకంగా వేయొచ్చా అన్నది నీ ప్రశ్న. నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో రాతప్రతుల విభాగంలో పనిచేసి రిటైరైన మనిషిని. తెలిసినంతవరకు వివరంగానే చెబుతాను, కొంచెం ఓపికగా చదువు.

ముందు మీ బాబాయికి చెప్పాల్సిన మాట. 75 ఏళ్లు దాటిన రాతప్రతికి శాస్త్రపరమైన, చారిత్రకమైన, సాహిత్యపరమైన విలువ ఉంటే, 1972 నాటి పురావస్తువుల చట్టం దాన్ని పురావస్తువుగా చూస్తుంది. పురావస్తువుల వ్యాపారం చేసేవాడికి లైసెన్స్ ఉండాలి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. వచ్చినాయన్ని లైసెన్స్ చూపించమని అడగండి, సగం సంగతి అక్కడే తేలిపోతుంది. అయితే నా బాధ చట్టం గురించి కాదు. కొనేవాడు మూడు కట్టల్నీ కలిపి ఉంచడు. బొమ్మలున్న ఆకులుంటే విడదీసి ఒక్కొక్కటీ అమ్ముతాడు. లెక్కల కట్టను పనికిరాదని పారేస్తాడు. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఏ కట్ట పక్కన ఏ కట్ట ఉండేది అన్న సమాచారం ఆ రోజుతో పోతుంది. ఆ సమాచారం పోయిన ఆకు గాజుపెట్టెలో అలంకారానికి పనికొస్తుందేమో కానీ చరిత్రకు సాక్ష్యంగా నిలబడలేదు.

ఎందుకింత గట్టిగా అంటున్నానో మన ప్రాంతపు ఉదాహరణతోనే చెబుతాను. నన్నెచోడుడి కుమారసంభవాన్ని 1909లో వెలుగులోకి తెచ్చిన మానవల్లి రామకృష్ణకవి వనపర్తి సంస్థానంలో పనిచేసినవారు. తెలుగు సాహిత్యచరిత్రలో అంతకంటే పెద్ద దొరుకుబాటు మరొకటి చెప్పడం కష్టం. అయినా ఆ కావ్యం నిజంగా అంత ప్రాచీనమేనా, నన్నెచోడుడి కాలం ఏది అన్నదాని మీద పండితులు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. ప్రతులు తక్కువగా ఉన్నచోట ప్రతి పుట్టుపూర్వోత్తరాల మీదే అంత బరువు పడుతుంది. రేపు నీ ద్విపద గురించి ఎవరైనా "ఇది ఎక్కడిది?" అని అడిగితే నువ్వు చూపించాల్సింది ఇప్పుడు రాసిపెట్టుకునే కాగితమే.

అందుకే కట్టలు ఎవరికీ ఇవ్వకముందే ఇంట్లో ఒక పని చేసుకో. అటకలో ఏ మూల, ఏ పెట్టెలో, ఏ గుడ్డలో దొరికాయో రాయి. మీ వంశంలో ఎవరు చదువుకున్నవాళ్లు, ఎవరు కరణీకం చేశారు, ఎవరు పురాణం చెప్పేవాళ్లు అని ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకో. తేదీ వేసి, మీ బాబాయితోనూ సంతకం పెట్టించు. ఆ తర్వాతే ఫోటోలు.

ఫోటోల దగ్గర తొందర పడొద్దు. తాడు విప్పకముందు కట్టను కట్టలాగే నాలుగు వైపులా తియ్యి. తర్వాత నల్లటి గుడ్డ పరిచి, పక్కన స్కేలు పెట్టి, కిటికీ వెలుతురులో ఒక్కో ఆకు రెండు వైపులా తియ్యి. ఫ్లాష్ వద్దు. ఎడమ అంచున తెలుగు అంకెల్లో ఆకు సంఖ్య ఉంటుంది, ౧, ౨, ౩ అని. ఆ సంఖ్య పుటకు కాదు, ఆకుకు. రెండు వైపులకూ కలిపి ఒక్కటే ఉంటుంది. కాబట్టి ఫైలు పేరులో "12 ముందు", "12 వెనుక" అని పెట్టుకో. మధ్యలో అంకె తప్పితే ఆకు పోయిందని అర్థం, అదీ రాసుకో. వరుస తప్పి ఉన్నా నువ్వు సర్దకు. దొరికిన వరుసలోనే ఫోటో తీసి, తర్వాత కాగితం మీద సర్దుకో.

కొన్ని ఆకుల మీద అక్షరాలు కనిపించడం లేదని, మసి పూయొచ్చా అని అడిగావు. వద్దు. తాటాకు మీద గంటంతో గీస్తారు, ఆ గీతలో మసి నిండితేనే అక్షరం నల్లగా కనబడుతుంది. మసి ఊడిపోయినా గీత అక్కడే ఉంటుంది. గదిలో లైటు ఆర్పేసి, ఫోన్ టార్చిని ఆకుకు పక్కగా, దాదాపు ఆకు మట్టంలో పెట్టి చూడు. గీతల్లో నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. ఖాళీ ఆకు అనుకున్నదాని మీద నిండా పద్యాలుండటం నేను ఎన్నోసార్లు చూశాను. వెలుగును ఎడమ అంచు నుంచి ఒకసారి, పై అంచు నుంచి ఒకసారి పక్కగా వేసి రెండు ఫోటోలు తీస్తే, ఒకదాంట్లో కనబడని కొమ్ము రెండోదాంట్లో కనబడుతుంది.

అంటుకుపోయిన కట్ట జోలికి మాత్రం పోకు. చాకు మొన పెట్టి విడదీయడం, ఆవిరి పట్టడం, కొబ్బరినూనె రాయడం ఏదీ వద్దు. రాతప్రతుల చివర లేఖకులు రాసుకునే ఒక పాత శ్లోకం ఉంది:

తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకమ్

నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి నన్ను కాపాడు, తెలియనివాడి చేతిలో పెట్టకు అని పుస్తకమే మొరపెట్టుకుంటోంది. కట్టు సంగతి కూడా నిజమే. వదులైతే ఆకులు ఒకదానికొకటి రాసుకుని అక్షరం అరుగుతుంది, మరీ బిగిస్తే చిల్లు దగ్గర ఆకు చీలుతుంది. పెళుసెక్కిన ఆకులకు నిమ్మగడ్డి నూనె వాడే పద్ధతి ప్రయోగశాలల్లో ఉంది కానీ, అది ఆకు స్థితి చూసి ఆ విద్య తెలిసినవాళ్లు చేసే పని. నువ్వు చేయగలిగింది మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, గంజి లేని ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, పాత చెక్కపలకల మధ్యే ఉంచి, గాలి ఆడే చోట పెట్టడం. ప్లాస్టిక్ కవరు వద్దు, సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. ఎండలో కూడా పెట్టొద్దు. పురుగు కోసం నాఫ్తలిన్ ఉండలు వేయకుండా వసకొమ్ము పొడిని చిన్న మూటకట్టి, ఆకులకు తగలకుండా దగ్గర్లో పెట్టు. ఇంట్లోని మిగతా పుస్తకాలకు ఈ కట్టల్ని దూరంగా ఉంచు, పురుగు అటూ ఇటూ పాకుతుంది.

ఇక ప్రమాది. అరవై ఏళ్లకోసారి వచ్చే పేరు కనుక 1819, 1879, 1939 మూడూ ప్రమాదులే. పైగా ఉగాది నుంచి లెక్క కాబట్టి పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో రాసి ఉంటే ఆ రాత మరుసటి ఇంగ్లీషు సంవత్సరంలోకి రావచ్చు. ఇంకో సంగతి కూడా చూడాలి: అరవైలో ప్రమాది పదమూడోది, ప్రమాదీచ నలభై ఏడోది. చివరి "చ" అరిగిపోయిందేమో టార్చి పక్కగా పెట్టి చూడు. ప్రమాదీచ అయితే నీ లెక్క 1853కో 1913కో మారిపోతుంది. నెల, తిథి, వారం మూడూ దొరికితే పాత పంచాంగాలతో సరిచూసి ఏ సంవత్సరమో తేల్చవచ్చు. తిథికీ వారానికీ పొసగని సంవత్సరాలు వాటంతటవే పోతాయి.

ఇక్కడే నీ లెక్కల కట్ట అక్కరకొస్తుంది. నిజాం రాజ్యంలో ఊరి లెక్కలు ఫసలీ సంవత్సరాల్లో, అంటే శిస్తు లెక్కలకు వాడే సంవత్సరాల్లో రాసేవారు. ఫసలీకి సుమారు 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. లెక్కల కట్టలో 1289 ఫసలీ అని ఉండి, చేతిరాత ద్విపద రాసిన చేతిరాతే అయితే, నీ ప్రమాది 1879 అనడానికి గట్టి ఆధారం దొరికినట్టే. దాన్ని పనికిరానిదని ఎవరైనా అంటే నమ్మకు. ధాన్యం ధరలు, కూలి, కులవృత్తుల వాళ్లకు పంటలో ఇచ్చిన వాటాలు (మేరలు), గుడి మాన్యాలు, చెరువు మరమ్మతులు ఇవన్నీ అటువంటి కట్టల్లోనే ఉంటాయి. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి రాజుల సంగతులు పక్కనబెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు, 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. ఆయన కావ్యాల్లోంచి ఏరుకున్న వివరాలకు మీ ఊరి లెక్కల కట్ట నేరుగా సాక్ష్యం చెప్పగలదు. తెలుగు భిన్నాంకాల గుర్తులు, వీసం, పరక లాంటి కొలతలు తెలిసిన పాత కరణాలెవరైనా మీ వైపు ఉంటే ఇప్పుడే వెళ్లి కూర్చో. ఆ చదువు తెలిసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఎక్కడ ఇవ్వాలన్న ప్రశ్నకు వస్తాను. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. మన ప్రాంతపు ప్రతులు మన ప్రాంతంలోనే ఉండాలని నాకూ గట్టిగా ఉంది. కానీ ఏ గ్రంథాలయమైనా సరే, ఇచ్చేముందు మూడు విషయాలు అడుగు. రాతప్రతులకు వేరే గది ఉందా? ఆ గదిలో తేమ, వేడి ఎంతున్నాయో చూసే ఏర్పాటుందా? ఫలానా మనిషి బాధ్యుడు అని పేరు చెప్పగలరా? మూడింటికీ సరైన జవాబు వస్తే అక్కడే ఇవ్వు. లేకపోతే హైదరాబాద్‌లో ఉస్మానియా ప్రాంగణంలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, అక్కడి పనే ఇది. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనూ తాళపత్రాల సేకరణ ఉంది. కేంద్రం 2003లో రాతప్రతుల జాతీయ మిషన్ పెట్టింది. 2025 బడ్జెట్‌లో జ్ఞానభారతం పేరుతో కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి కాపాడే కార్యక్రమం ప్రకటించింది. ఇంట్లో ఉన్న ప్రతుల్ని కూడా నమోదు చేయించుకోవచ్చు. నమోదైనంత మాత్రాన ప్రతి నీ చేయి దాటిపోదు.

ఇచ్చేటప్పుడు నోటిమాట మీద ఇవ్వొద్దు. నాకు తెలిసిన ఒక కుటుంబం పెద్ద పెట్టెడు ప్రతుల్ని ఒక సంస్థకు అప్పగించింది. సన్మానం చేశారు, శాలువా కప్పారు, ఫోటో పేపర్లో పడింది. రసీదు మాత్రం లేదు. తరువాత ఆ ఇంటి మనవడు చూసుకోవడానికి వెళ్తే ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు, ఎవరిని అడిగినా మాకు తెలియదన్నారు. అందుకని ఒక్కో కట్టకు ఎన్ని ఆకులు, ఎంత పొడవు వెడల్పు, మొదటి పంక్తి, చివరి పంక్తి రాసిన జాబితా జతచేసి, దాని మీద సంతకం, ముద్ర తీసుకో. గ్రంథాలయం రిజిస్టర్లో ఎక్కించే యాక్సెషన్ నంబర్ పడగానే తెలియజేయాలని, స్కాన్ ప్రతి ఒకటి కుటుంబానికి ఇవ్వాలని, సేకరణలో మీ ఊరి పేరు, ఇంటి పేరు నిలవాలని ఒప్పందంలో రాయించు. మూడు కట్టలూ ఒకేచోట ఉండాలన్నది కూడా షరతుగా పెట్టు. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు, మంచి గ్రంథాలయం తనంతట తానే చేసే పనులు. ఇవ్వడానికి మనసొప్పకపోతే ఇంట్లోనే ఉంచుకోండి, తప్పులేదు. కానీ ఫోటోలు మాత్రం కనీసం రెండు వేర్వేరు చోట్ల ఉండాలి.

పుస్తకం వేయాలన్న నీ కోరిక నాకు చాలా సంతోషం కలిగించింది. దేవరకొండ, రాచకొండ రేచర్ల పద్మనాయకుల రాజధానులు, ద్విపదలో హరిశ్చంద్ర కథ చెప్పిన గౌరన ఆ నేల మీదివాడే. అంతమాత్రాన మీ ఇంటి ద్విపద గౌరనది అనుకోవద్దు. ముందు అది ఇదివరకే అచ్చయిన గ్రంథమా కాదా చూడాలి. మొదటి నాలుగు ద్విపదలు, ప్రకరణాల చివరి పంక్తులు, కవి తన గురించి చెప్పుకున్న చోటు రాసుకుని, మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయపు తెలుగు వివరణ సూచికల్లో (ప్రతుల వివరాలిచ్చే కేటలాగుల్లో), హైదరాబాద్ సూచికల్లో వెతుకు. కట్టలో సంస్కృతం కనబడితే మద్రాసు విశ్వవిద్యాలయం వారి సంస్కృత గ్రంథాల పెద్ద పట్టిక, న్యూ కేటలాగస్ కేటలాగోరమ్ చూడాలి. తెలుగు లిపిలో సంస్కృత గ్రంథాలు కోకొల్లలు, లిపిని చూసి భాష ఏదో నిర్ణయించేయకు. అచ్చయినదే అని తేలినా నిరాశపడొద్దు. అచ్చుప్రతిలో లేని పాఠాలు, పోయిన పంక్తులు మీ దాంట్లో ఉండవచ్చు. పోతన భాగవతంలోనే శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించాల్సి వచ్చింది. ఏ ప్రతిలో ఏది మిగిలి ఉందో చూస్తే తప్ప తెలియదు.

చదివేటప్పుడు ఉన్నది ఉన్నట్టు రాసుకో. మాటల మధ్య ఖాళీ ఉండదు. "అమ్మ" అని ఉండాల్సిన చోట "అంమ" అని, "ఒక" ఉండాల్సిన చోట "వొక" అని, "చేసిన" బదులు "చేశిన" అని ఉంటుంది. ధర్మంలోని రకారం మకారానికి కుడిపక్కన గిలకగా ఉంటుంది, దాన్ని తొమ్మిది అంకె అనుకుని తికమక పడతారు. ఇవి తప్పులని దిద్దేయకు. అప్పటి రాత అలవాటు, ఆ ప్రాంతపు పలుకుబడి అక్కడే దాగి ఉంటాయి. మొదటి నోటుబుక్కులో ఆకులో ఉన్నట్టే దించు, రెండోదాంట్లో నువ్వు సరిదిద్దిన పాఠం రాయి. రెండూ కలిపేస్తే తర్వాత ఏది లేఖకుడిదో, ఏది నీదో నీకే తెలియదు.

ద్విపదకు ఛందస్సే కాపలా. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మూడో గణం మొదటి అక్షరం యతి, రెండు పాదాలకూ రెండో అక్షరం ప్రాస. ప్రాస కలవని రెండు పాదాలు కనబడితే నువ్వు తప్పు చదివుండాలి, లేదా లేఖకుడు నడుమ ఒక పాదం వదిలేసి ఉండాలి. చాలాసార్లు రెండోదే నిజమవుతుంది. లేఖకుడి కన్ను ఒక పంక్తిలోని మాట మీంచి కింది పంక్తిలో అదే మాట మీదికి జారి, మధ్యది ఎగిరిపోతుంది. గణం చెడిన చోట వెంటనే దిద్దకుండా గుర్తు పెట్టుకుని, ఇంకో ప్రతి దొరికాక చూడు. ప్రతులకు క, చ, ట, త అని గుర్తులు పెట్టుకుని పాఠాంతరాలన్నీ పుట అడుగున ఇవ్వాలి. నువ్వు ఊహించి పెట్టిన అక్షరం ఏదైనా ఉంటే కుండలీకరణంలో పెట్టు, చదివేవాడికి తెలియాలి. ఒక్క ప్రతే దొరికితే "ఏకైక ప్రతి ఆధారంగా" అని పీఠికలో స్పష్టంగా రాయి.

వ్యాసం వేయడానికి కొందరు డబ్బు కడితే వారంలో వేస్తామంటారు. యూజీసీ తాను గుర్తించిన పరిశోధన పత్రికల పట్టికను, అంటే కేర్ జాబితాను, 2025లో ఆపేసింది కాబట్టి ఏ పత్రిక మంచిదో ఇప్పుడు మనమే చూసుకోవాలి. సంపాదకవర్గంలో ఉన్నవాళ్లు నిజంగా రాతప్రతుల మీద పనిచేసినవాళ్లేనా, వ్యాసాన్ని చదివి ప్రశ్నలతో తిప్పి పంపుతున్నారా చూడు. ప్రశ్నలడగని పత్రిక నీకేమీ నేర్పదు. మీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి దీన్నే పీహెచ్‌డీ అంశంగా తీసుకునే వీలుందేమో కూడా చూసుకో, అంత పని ఇందులో ఉంది.

సురవరం వారిని మళ్లీ తలచుకోవాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. కోపంతో ఒక వ్యాసం రాసి ఊరుకోలేదు, ఊరూరి నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి ముందుపెట్టారు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాల పండితుల ఇళ్లలో, మీలాంటి కుటుంబాల అటకల మీద ఇంకా ఎంత ఉందో అనిపిస్తుంది నాకు. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలే చంద్రికాపరిణయం రాసిన కవి. అటువంటి చోట ప్రతులు రాయించుకున్న ఇళ్లు రెండో మూడో ఉండవు కదా. నీ పుస్తకంలో ఒక అనుబంధం పెట్టి, చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ ఇంట్లో కట్టలున్నాయని విన్నావో, వాళ్ల అనుమతి ఉంటేనే, రాయి. ఇళ్ల పేర్లు బయటపెట్టడం ఇష్టం లేకపోతే ఊరి పేరు చాలు, లేకపోతే కొనేవాళ్లు వాళ్ల గుమ్మంలో వాలిపోతారు.

అచ్చు విషయంలో రెండు మాటలు. ఐఎస్‌బీఎన్‌ను రాజా రామమోహన్‌రాయ్ జాతీయ సంస్థ ఉచితంగానే ఇస్తుంది, దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకు. 1954 చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకాన్ని కలకత్తా జాతీయ గ్రంథాలయం, చెన్నై కన్నెమరా వంటి నిర్ణీత గ్రంథాలయాలకు ప్రచురణకర్త పంపాలి, అది నీ ప్రచురణకర్తకు గుర్తుచెయ్యి. డీటీపీ వాళ్లు సాధారణంగా యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొడతారు. అందులో కొట్టిన పాఠం కంప్యూటర్లో వెతికితే దొరకదు, వేరేచోట తెరిస్తే పిచ్చి అక్షరాలుగా వస్తుంది. పాఠం మొత్తం యూనికోడ్‌లోనే టైప్ చేయించి, పేజీలు కట్టకముందే ఆ ఫైలు నీ దగ్గర పెట్టుకో. ప్రూఫు మాత్రం ఆకుల ఫోటోలు ఎదురుగా పెట్టుకుని నువ్వే దిద్దు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ఆకు చూడాలి, ఈ పనికి మీ బాబాయిని కూర్చోబెట్టు.